అబ్జర్వేషన్ హోంలో కౌన్సెలింగ్: 5కు 3

"రౌడీషీటర్లకు కౌన్సెలింగ్" అన్న వార్త జిల్లా ఎడిషన్లో తరచూ కనిపిస్తుంది. స్టేషన్ ముందు వరసగా నిలబెట్టి, సీఐ గారు నాలుగు చీవాట్లు పెట్టి ఇంటికి పంపడం. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఆ మాటకు జనానికి తెలిసిన అర్థం అదే. కేసులో ఇరుక్కుని హోంకు వచ్చిన పదహారేళ్ల పిల్లాడికి "రేపు నీకు కౌన్సెలింగ్" అని చెబితే వాడికీ అదే అర్థమవుతుంది. తల వంచుకుని వస్తాడు. "తప్పయింది సార్, ఇంకెప్పుడూ చెయ్యను" అన్న మాట ముందే సిద్ధంగా ఉంటుంది. ఈ సేవకు ఇచ్చిన మూడు మార్కుల్లో ఒకటిన్నర, ఆ అపార్థాన్ని మొదటి రోజే పోగొట్టే తీరుకు.

నెల్లూరు, ఒంగోలు వైపు మగపిల్లలు చేరే ఒక అబ్జర్వేషన్ హోం ఇది, పేరు అనవసరం. పిల్లాడు లోపలున్న తల్లిదండ్రులకూ, ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) లేదా సైకాలజీ చదివి ఇలాంటి ఉద్యోగం చేయాలనుకునేవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాం. ఒక సంగతి ముందే చెప్పాలి. హోం అంటే జైలు కాదు, అక్కడున్నవాడు నేరం రుజువైనవాడూ కాదు. 2015 బాలల న్యాయ చట్టం కింద జువైనల్ జస్టిస్ బోర్డు విచారణ జరుగుతున్నంత కాలం ఉంచే చోటు. కౌన్సెలర్ ఈ సంగతి మర్చిపోతే మిగతా పనంతా వంకర పోతుంది.

చేరిన ఇరవై నాలుగు గంటల్లోపు కౌన్సెలర్ ఒకసారి కలుస్తారు. పావుగంటే. పోలీసులు, ఆసుపత్రి, బోర్డు అన్నీ తిరిగి వచ్చినవాడికి అంతకు మించి ఓపిక ఉండదు. అడిగేవి ఇవి: అన్నం తిన్నావా, ఒంటిమీద దెబ్బలేమైనా ఉన్నాయా, ఇక్కడున్నావని ఇంట్లో ఎవరికి తెలుసు, ఆఖరిసారి ఏం తాగావు లేక ఏం పీల్చావు, ఎప్పుడు, చచ్చిపోవాలనిపిస్తోందా. "ఏం చేశావురా" అన్న ప్రశ్న ఈ జాబితాలో లేదు. పిల్లాడు ఆశ్చర్యపోయేది అక్కడే, భుజాలు దిగేదీ అక్కడే.

చావు గురించి సూటిగా అడగడాన్ని కొత్త సిబ్బంది తప్పించుకుంటారు, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అలా పుట్టదు. అవునన్నాడా, ఎలా అనుకున్నావు, ఇంతకు ముందు ప్రయత్నించావా అని కూడా అడగాలి. మనసులో పథకం ఉన్న పిల్లాణ్ణి ఒంటరి గదిలో పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. రాత్రి డ్యూటీ మనిషికి కనపడే మంచం ఇవ్వాలి, నడుం నాడా, బ్లేడు, పగిలిన ట్యూబులైటు ముక్కలు అందకుండా చూడాలి, అదే రోజు సర్వజన ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లాలి. ఇక్కడ ఇదంతా చేస్తున్నారు, కాకపోతే మొదటి రోజు మాత్రమే. ప్రమాదం మళ్లీ పెరిగే రోజులు వేరే ఉన్నాయి: బెయిల్ కొట్టేసిన రోజు, ములాఖత్‌కు ఎవరూ రాని ఆదివారం, ప్రేమ కేసులో అమ్మాయి తనకు వ్యతిరేకంగా వాంగ్మూలం ఇచ్చిందని తెలిసిన రాత్రి. ఆ తేదీలు కౌన్సెలర్‌కు ముందే తెలిసే ఏర్పాటు లేదు. బోర్డు ముందుకు వెళ్లే పిల్లల జాబితా ఆఫీసు బల్ల మీద ఉంటుంది. దాని నకలు కౌన్సెలర్ గదిలో అంటిస్తే చాలు.

మత్తు విషయంలో ఈ సేవ నిజంగా బాగుంది. గంజాయి మానేసినవాడికి ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదలై, వారం లోపు ముదిరి, రెండు వారాల దాకా సాగే ఇబ్బందులు ఉంటాయి: నిద్ర పట్టదు, పడితే పీడకలలు, అన్నం సయించదు, చీటికీ మాటికీ కయ్యం. గుట్కా, ఖైనీ, సిగరెట్ ఆగితే రెండో మూడో రోజున చిరాకు నెత్తికెక్కుతుంది. వార్డెన్ దీన్ని "పొగరు" అంటాడు, శిక్షగా ఆట మాన్పిస్తాడు. ఒంట్లో సలుపు పోవడానికి వాడికి ఆ గంటసేపు ఆటే కావాలి. ఇక్కడి కౌన్సెలర్ చేసిన మంచి పని, చేరిన తేదీ పక్కన "14 రోజులు" అని రాసి ఆ కాగితం సిబ్బంది గదిలో పెట్టడం. ఆ గడువు దాటేదాకా గొడవలను నడవడిక రిపోర్టులో ఎక్కించరు. మద్యం సంగతి వేరు. రోజూ తాగిన పిల్లాడికి చేతులు వణుకుతుంటే, చెమటలు పడుతుంటే అది కౌన్సెలింగ్ పని కాదు. రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే పంపాలి. పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్ పీల్చేవాళ్లలో మతిమరుపు, తలనొప్పి ఎక్కువ. వాళ్లతో నలభై నిమిషాల సెషన్ దండగ, పదేసి నిమిషాలుగా రోజుకు రెండుసార్లు కూర్చోవాలి.

గోడమీద రంగు మొహాల చార్ట్ ఒకటి ఉంది, కింద "ఆందోళన", "ఒత్తిడి", "విచారం" అని అచ్చు మాటలు. పరీక్ష పేపర్లో తప్ప ఈ పిల్లలెవరూ ఆ మాటలు వాడరు. వాటిమీద చీటీలు అతికించి గుబులు, దిగులు, తిక్క, కసి, ఉక్రోషం అని రాశారు. ఇది చిన్న మార్పుగా కనిపిస్తుంది గానీ పని మొత్తాన్ని మార్చేది ఇదే. కోపం వేరు, ఉక్రోషం వేరు. నలుగురిలో అవమానం జరిగి, ఎదురు తిరగలేక, ఏడుపూ కోపమూ కలిసి గొంతులో అడ్డం పడేది ఉక్రోషం. దానికి "కోపం తగ్గించుకో, పది అంకెలు లెక్కపెట్టు" అని చెబితే పిల్లాడు వినడు, ఎందుకంటే వాడికున్నది అది కాదు. "అప్పుడు చుట్టూ ఎవరెవరున్నారు?" అని అడగాలి. జవాబులో అసలు కథ వస్తుంది: కూలి డబ్బు ఎగ్గొట్టి అందరి ముందూ కొట్టిన రొయ్యల చెరువు మేస్త్రీ, బండి మీద వెళ్తూ వెక్కిరించినవాడు, తాగొచ్చి తల్లిని తిట్టే నాన్న.

గుంపు సెషన్లు వారానికి రెండు, ఒక్కోదానికి ఎనిమిది మంది. ఎనిమిది దాటితే పెద్దవాడొకడు నాయకుడైపోతాడు, చిన్నవాళ్లు వాడి మొహం చూసి మాట్లాడతారు. ఇక్కడ రెండు పద్ధతులు బాగా నడుస్తున్నాయి. ఒకటి "ఊరి పటం". చార్టు మీద ఇల్లు, బడి, చెరువు కట్ట, వైన్‌షాపు, క్వారీ, స్నేహితులు కూర్చునే అరుగు గీసి, రాత్రి పది తర్వాత వెళ్లే చోట్లకు ఎర్ర చుక్క పెట్టించడం. బయటికెళ్లాక ఏ దారి మార్చుకోవాలో వాడే చూపిస్తాడు. రెండోది "గొలుసు". జరిగిన గొడవ నుంచి వెనక్కి, లంకె తర్వాత లంకె: దానికి ముందు ఏమైంది, దానికీ ముందు, అప్పుడు తిన్నావా, నిద్రపోయావా. ఇందులో జాగ్రత్త ఒకటుంది. గొలుసు గీయించేది హోంలో క్యారమ్స్ దగ్గర జరిగిన గొడవ మీద, లేదా బడి రోజుల గొడవ మీద. విచారణలో ఉన్న కేసు మీద కాదు. కేసు మీద గీయిస్తే అది పిల్లాడి చేతిరాతలో ఒప్పుకోలు కాగితం అయిపోతుంది.

ఇక మార్కులు పోయిన చోటు.

పదహారు నిండినవాడి మీద ఘోర నేరం, అంటే చట్టంలో కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న నేరం, మోపితే బాలల న్యాయ చట్టం సెక్షన్ 15 కింద బోర్డు ప్రాథమిక అంచనా వేయాలి. గడువు మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచి మూడు నెలలు. నేరం చేయడానికి కావలసిన శారీరక, మానసిక సామర్థ్యం, పర్యవసానాలు తెలిసే శక్తి, ఏ పరిస్థితుల్లో జరిగిందన్నది, ఇవీ చూసేవి. కేసును పెద్దవాళ్లతో సమానంగా విచారించడానికి చిల్డ్రన్స్ కోర్టుకు పంపాలా అన్నది దీనిమీదే ఆధారపడుతుంది. బోర్డు సభ్యుల్లో బాలల మనస్తత్వ శాస్త్రంలో లేదా సైకియాట్రీలో డిగ్రీ ఉన్నవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022 జూలైలో చెప్పింది. ఈ హోంలో ఆ అంచనాకూ, రోజువారీ కౌన్సెలింగ్‌కూ ఒకే మనిషి.

ఇది ఎందుకు చెడుతుందంటే, సోమవారం "నాతో చెప్పుకో, బయటికి పోదు" అన్న మనిషే గురువారం బోర్డుకు రిపోర్టు రాస్తారు. ఆ సంగతి తెలిసిన పిల్లాడు నోరు మూసుకుంటాడు. పడక గదుల్లో కబురు పాకడానికి ఒక పూట చాలు, మిగతావాళ్లూ మూసుకుంటారు. అంచనా వేసేది బయటి సైకాలజిస్టు కావాలి. అది కుదరని పక్షంలో మొదటి నిమిషంలోనే చెప్పాలి: "ఈ రోజు నేను బోర్డు కోసం మాట్లాడుతున్నాను, నువ్వు చెప్పేది రాస్తాను, వద్దనుకుంటే జవాబు చెప్పక్కర్లేదు." మామూలు సెషన్లోనూ గోప్యతకు హద్దులు ముందే చెప్పాలి. ప్రాణం తీసుకుంటానన్నా, ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుందన్నా దాచలేం. పద్దెనిమిది లోపువాళ్ల మీద లైంగిక నేరం గురించి తెలిస్తే పోక్సో సెక్షన్ 19 కింద చెప్పి తీరాలి, పిల్లాడి మీదే జరిగినా సరే. ఈ మూడూ ఇక్కడ చెబుతున్నారు గానీ, పిల్లాడు సగం చెప్పేశాక చెబుతున్నారు.

ఫైలు రాతలోనూ ఇబ్బంది ఉంది. ప్రొబేషన్ ఆఫీసర్ బోర్డుకు ఇచ్చే సామాజిక దర్యాప్తు నివేదికలోకి కౌన్సెలర్ నోట్సు నుంచి వాక్యాలు యథాతథంగా ఎక్కుతున్నాయి. "సహకరించడం లేదు" అన్న మాట అలా వచ్చిందే. మాట్లాడని పిల్లాడు సహకరించనివాడు కాదు. యానాది, ఎరుకల కాలనీల నుంచి వచ్చినవాడైతే మరీ జాగ్రత్తగా ఉండాలి. కొన్ని కులాలు, తెగల మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో మొదలై, 1952 నాటికి పూర్తిగా రద్దయింది గానీ, దాని కింద వాళ్లను నిఘాలో ఉంచే సెటిల్‌మెంటు నడిచిన కావలి ఉన్న ప్రాంతం ఇది. "మీవాళ్లంతా ఇంతేలే" అన్న మాట ఆ పిల్లాడు ఇక్కడికి వచ్చేలోపే విని ఉంటాడు. నోట్సులో ఉండాల్సినవి నిద్ర, తిండి, చదువు, భయాలు, ఇంటి పరిస్థితి, తర్వాత చేయాల్సిన పని. నేరం వివరాలు కావు.

ఇంకో లోపం, పది సెషన్ల ప్రణాళిక. కాగితం మీద ముచ్చటగా ఉంది. బాలల న్యాయ చట్టం సెక్షన్ 12 ప్రకారం మూడు కారణాలు ఉంటే తప్ప బెయిల్ ఇవ్వాల్సిందే కాబట్టి చాలామంది కొద్ది వారాల్లోనే వెళ్లిపోతారు. నాలుగో సెషన్ దాటినవాడు అరుదు, "భవిష్యత్ ప్రణాళిక" పదో సెషన్లో ఉంది. ప్రతి సెషన్‌నూ ఇదే ఆఖరిదన్నట్టు ముగించాలి. మొదటిది ఒళ్లూ నిద్రా, రెండోది గొలుసు, మూడోది ఊరి పటం, విడుదల తర్వాతి రెండు వారాలు. నాలుగో సెషన్ దొరికితే అదృష్టం.

సేవ సోమవారం నుంచి శనివారం వరకే. తల్లిదండ్రులు వచ్చేది ఆదివారం. గిద్దలూరు, మార్కాపురం వైపు నుంచి వచ్చేవాళ్లకు సగం రోజు బస్సులోనే పోతుంది. మామూలు రోజున వస్తే ఇద్దరి కూలీ పోతుంది. అలా వచ్చినవాళ్లకు కౌన్సెలర్ కనిపించరు, వాచ్‌మన్ కనిపిస్తాడు. ఆదివారం పని పెట్టి మంగళవారం సెలవిస్తే పైసా ఖర్చు లేదు. తల్లితో పావుగంట మాట్లాడితే తేలే విషయం కోసం పిల్లాడితో నాలుగు సెషన్లు నడుస్తున్నాయి.

విడుదల తర్వాత ఫాలోఅప్ అంటే ఒక ఫోన్ నంబరు. రెండో నెలకు ఆ సిమ్ పనిచేయదు. అంగన్‌వాడీ టీచర్ దగ్గరో సచివాలయంలోనో రెండో నంబరు తీసుకుందామంటే కేసు సంగతి ఊరంతా తెలుస్తుంది, సెక్షన్ 74 గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. మేనమామదో అక్కదో నంబరు పిల్లాడి చేతే రాయించుకోవడం మేలు. పంపేటప్పుడు 14416 టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు చీటీ ఇస్తున్నారు, అది మంచిదే. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కాకపోతే హోంలో ఉండగానే ఒకసారి స్పీకర్ పెట్టి చేయించి చూపాలి. మొదటిసారి బయట ఒంటరిగా ఆ నంబరు నొక్కే పిల్లాడు ఉండడు.

ఉద్యోగం చూసుకునేవాళ్లకు రెండు మాటలు. ఇది కాంట్రాక్టు కొలువు, రెన్యువల్ భయం ఎప్పుడూ ఉంటుంది. మధ్యలో మనిషి మారితే పిల్లాడు మొదటి నుంచి చెప్పుకోవాలి, అందుకే అప్పగింత నోటు ప్రతి శుక్రవారం రాసి పెట్టుకోండి. మీది ఎమ్మెస్‌డబ్ల్యూ అయితే ఐక్యూ పరీక్షలు, రోగ నిర్ధారణ మీ పని కాదు. ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టుకు పంపాలి, బోర్డు ఎంత తొందరపెట్టినా సరే.

తల్లిదండ్రులకు: ములాఖత్‌కు వచ్చేటప్పుడు స్వీట్ల కన్నా ముందు బడి నుంచి పుట్టిన తేదీ ఉన్న సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో తెండి. వయసు తేల్చడానికి చట్టం మొదట చూసేది అదే, తర్వాత పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. పిల్లాడు ఇంతకు ముందు వాడిన మందుల చీటీ ఉంటే అదీ తెండి, ముఖ్యంగా ఫిట్స్ మందులైతే. "ఇక వాడికి గవర్నమెంటు ఉద్యోగం రాదంట గదా" అని గేటు దగ్గర ఎవరైనా అంటే నమ్మకండి. చిల్డ్రన్స్ కోర్టులో పెద్దవాళ్లతో సమానంగా విచారించి నేరం తేల్చిన కేసు తప్ప, మిగతావాటికి సెక్షన్ 24 ప్రకారం అనర్హత అంటదు. ఈ మాట కౌన్సెలర్ చేత పిల్లాడికి ముందుగానే చెప్పించండి. వాడు రాత్రి నిద్రపోకుండా ఆలోచించేవాటిలో ఇదీ ఉంటుంది.