పరిశోధన రియాక్టర్ల అత్యవసర సన్నద్ధతపై చెన్నైలో రెండు రోజుల శిక్షణ: ఒక సమీక్ష

విశ్వవిద్యాలయాల్లోని పరిశోధన అణు రియాక్టర్లలో ప్రమాదం తలెత్తితే ఎవరు ఏం చేయాలో నేర్పుతామని ప్రకటించిన ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ కోర్సుకు గత నెల చెన్నైలో రెండు రోజులు హాజరయ్యాను. రుసుము 14,000 రూపాయలు, జీఎస్టీ అదనం. అందులో సగం మా కళాశాల భరించింది, మిగతా సగం నా జేబులోంచి పోయింది. లోపాలను కూడా దాచకుండా చెప్పదలచుకున్నాను కనుక సంస్థ పేరు రాయడం లేదు.

మన దేశంలో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నడుస్తున్న రియాక్టరంటూ లేదు కదా, ఈ కోర్సు ఎవరికి పనికొస్తుందని వెళ్ళే ముందు నాకూ అనిపించింది. 1956లో మొదలై 2018లో కొత్త రూపంలో మళ్ళీ నడిచిన అప్సర గాని, 1985 నాటి ధ్రువ గాని, చెన్నైకి 70 కిలోమీటర్ల దూరంలో కల్పాక్కంలో ఉన్న 30 కిలోవాట్ల చిన్నారి కామిని గాని అన్నీ అణుశక్తి విభాగం కనుసన్నల్లోనే ఉన్నాయి. అయితే హాజరైన 22 మందిలో ఇద్దరు తెలుగు పిల్లలు అమెరికాలో న్యూక్లియర్ ఇంజనీరింగ్ చదవడానికి వెళ్ళబోతున్నారు. వాళ్ళు చేరబోయే ప్రాంగణాల్లో రియాక్టర్ భవనం, గ్రంథాలయం ఒకే వీధిలో ఉన్నా ఆశ్చర్యం లేదు. మిగిలిన వాళ్ళం నాలాగా కళాశాలల్లో, ఆసుపత్రుల్లో రేడియేషన్ వెలువరించే పదార్థాలకు బాధ్యత వహించే సేఫ్టీ ఆఫీసర్లం, ఇద్దరు ముగ్గురు పదవీ విరమణ చేసిన వాళ్ళు. నేర్చుకోవలసింది మా అందరికీ ఉందని మొదటి పూటే తేలిపోయింది.

ఆ మొదటి పూట పాఠం కోర్సు మొత్తంలో రెండో ఉత్తమ భాగం. బోధకులు పదవీ విరమణ చేసిన ఇంజనీరు, నెల్లూరు జిల్లా మనిషి. పాఠం ఇంగ్లీషులో సాగినా, టీ తాగేటప్పుడు మాతో చక్కటి తెలుగులో మాట్లాడేవారు. పెద్ద విద్యుత్ కేంద్రానికి రాసిన ప్రణాళికను చిన్న ప్రాంగణ రియాక్టరుకు అంటగట్టడం ఎంత తెలివితక్కువ పనో ఆయన అంకెలతో చూపించారు. అమెరికాలో విద్యుత్ రియాక్టరు చుట్టూ సుమారు 16 కిలోమీటర్ల మేర అత్యవసర ప్రణాళికా ప్రాంతం ఉంటుంది. అదే దేశంలో 2 మెగావాట్ల లోపు పరిశోధన రియాక్టరుకు ఆ ప్రాంతం దాని నిర్వహణ సరిహద్దుతోనే ముగుస్తుంది. 2 నుంచి 10 మెగావాట్ల దాకా 100 మీటర్లు, 10 నుంచి 20 దాకా 400 మీటర్లు. అంటే అనేక ప్రాంగణాల్లో మొత్తం కథ ఒక భవనంలో, దాని చుట్టూ ఉన్న కంచెలో నడుస్తుంది. ఊరిని ఖాళీ చేయించడం గురించి కాక, ఆ భవనంలో ఉన్న పది మంది గురించి ఆలోచించమని దాని అర్థం.

ట్రైగా రకం రియాక్టరు ఎందుకు అంత సాధువో కూడా ఆయన విప్పి చెప్పారు. 1950ల చివర జనరల్ అటామిక్స్ సంస్థ విద్యార్థుల చేతికి ఇవ్వదగ్గ రియాక్టరుగా దాన్ని తీర్చిదిద్దింది. దాని ఇంధనంలో యురేనియంతో పాటు జిర్కోనియం హైడ్రైడు కలిసి ఉండడం వల్ల, ఇంధనం వేడెక్కిన మరుక్షణమే చర్య దానంతట అదే నెమ్మదిస్తుంది. మనిషి చేయి పడేదాకా ఆగదు. ఇక ఆపిన తరువాత మిగిలే వేడి సంగతి. 250 కిలోవాట్ల రియాక్టరు ఆగిన క్షణంలో దాని శక్తిలో సుమారు 6 శాతం, అంటే 15 కిలోవాట్ల వేడి మిగులుతుంది. కొన్ని గంటలకు అది ఒక శాతం దగ్గరికి, అంటే స్నానాల గదిలోని గీజరు తీసుకునేంతకు దిగిపోతుంది. అందువల్ల అంత చిన్న రియాక్టరు మునిగి ఉండే కొలనులో నీళ్ళన్నీ పోయినా ఇంధనం కరిగిపోతుందన్న భయం లేదు, చుట్టూ ఉన్న గాలే దాన్ని చల్లబరుస్తుంది.

అయితే అక్కడే ఆయన మమ్మల్ని ఆపి, నీళ్ళు పోతే అసలు పోయేది చల్లదనం కాదు, అడ్డుగోడ అన్నారు. కొలనులో ఆరేడు మీటర్ల నీటి మందమే పైన నిలబడే మనిషిని కాపాడుతుంది. ఆ మందం పోతే కిరణాలు తిన్నగా పైకి వెళ్ళి, పైకప్పును, గాలిని తాకి చెదిరి, గోడల చాటున నిలబడిన వాళ్ళ మీద కూడా పడతాయి. కాబట్టి నీటి మట్టం అలారం మోగినప్పుడు కొలను అంచు దాకా వెళ్ళి తొంగి చూడాలన్న కుతూహలమే అన్నిటికంటే ప్రమాదకరం. ఇంత సూటిగా ఈ మాట చెప్పిన పుస్తకం నా కంట ఇంతవరకూ పడలేదు. అలాగే భవనంలోని గాలిని బయటికి వదిలే గాలి గొట్టం దగ్గరి మీటరు పెరిగినంత మాత్రాన ఇంధనం చిట్లిందని అనుకోకూడదని, గాలిలోని ఆర్గాన్ న్యూట్రాన్లు తగిలి ఆర్గాన్-41గా మారి, గంటా యాభై నిమిషాల అర్ధాయువుతో మామూలు రోజుల్లోనూ కొద్దికొద్దిగా బయటికి వెళ్తుందని వివరించారు. కొలను నీటిలో అయోడిన్, పైన గాలిలో క్రిప్టాన్, జెనాన్ కనబడితే అప్పుడు ఇంధన తొడుగును అనుమానించాలి. ఈ రెండింటికీ మధ్య తేడా తెలియని వాడు కంగారులో మొత్తం ప్రాంగణాన్ని రోడ్డు మీదికి తోలగలడు.

ఇంత మంచి పాఠం చెప్పిన సంస్థ చేతికిచ్చిన దస్త్రం మాత్రం దానికి తగ్గట్టుగా లేదు. 180 పేజీల ఆ దస్త్రంలో అమెరికా పద్ధతిలోని నాలుగు స్థాయిలు, అంటే అసాధారణ సంఘటన ప్రకటన, అప్రమత్తత, స్థల అత్యవసర పరిస్థితి, సాధారణ అత్యవసర పరిస్థితి ఒక అధ్యాయంలో ఉన్నాయి. మన అణుశక్తి నియంత్రణ మండలి వాడే ప్లాంట్, సైట్, ఆఫ్‌సైట్ అనే మూడు స్థాయిలు తరువాతి అధ్యాయంలో ఉన్నాయి. ఈ రెండూ రెండు వేర్వేరు వ్యవస్థలని ఎక్కడా ఒక్క ముక్క లేదు. ఒక యువతి ఈ రెండు పట్టికలనూ కలిపి ఏడు స్థాయిలని రాసుకుంది, ఆమె తప్పేమీ లేదు. మనిషికి తగిలే రేడియేషన్ మోతాదు పరిమితుల పేజీ మాత్రం సరిగ్గానే ఉంది: మన దేశంలో రేడియేషన్ కార్మికులకు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకుండా, సామాన్య ప్రజలకు 1. ఇక నమూనాగా ఇచ్చిన ఫోన్ నంబర్ల పట్టికలో ఇద్దరు ఆచార్యుల పేర్ల పక్కనే పదవీ విరమణ అని కుండలీకరణాల్లో రాసి ఉంది. పని చేయని నంబర్ల పట్టికతో ఫోన్ల గురించి పాఠం చెప్పడం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పరికరాల పూట కూడా నిరాశపరిచింది. 22 మందికి రేడియేషన్ కొలిచే సర్వే మీటర్లు రెండే. ఒకదానిలో బ్యాటరీ చచ్చిపోయి ఉంది. వాడే ముందు బ్యాటరీ చూడాలి, కాలిబ్రేషన్ తేదీ చూడాలి, కొద్దిగా రేడియేషన్ వెలువరించే పరీక్ష పదార్థం దగ్గర పెట్టి ముల్లు కదులుతోందో లేదో చూడాలి అన్న పాఠాన్ని ఆ పాడైన మీటరే చక్కగా చెప్పిందని బోధకులు నవ్వేశారు. 14,000 కట్టిన వాడికి ఆ నవ్వు అంత సులభంగా రాదు.

ఇక రెండో రోజు మధ్యాహ్నం. ఈ కోర్సుకు వెళ్ళమని నేను ఎవరికైనా చెబితే ఆ మూడు గంటల కోసమే చెబుతాను. ఊహాత్మకంగా ఒక విశ్వవిద్యాలయం, దానిలో 250 కిలోవాట్ల కొలను రియాక్టరు, శుక్రవారం సాయంత్రం 6:40, నీటి మట్టం అలారం. ఒక్కొక్కరికీ ఒక్కో పాత్ర రాసిన చీటీ ఇచ్చి, కొందరిని కంట్రోల్ రూములో, కొందరిని బయట కూర్చోబెట్టారు. నాకు దక్కింది గేటు దగ్గర వాచ్‌మన్ పాత్ర. ఇరవై ఏళ్ళుగా రేడియేషన్ కొలుస్తున్న నాకు ఆ చీటీ చూడగానే కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజం. పావుగంట గడిచేసరికి ఆ గదిలో నాకంటే ముఖ్యమైన మనిషి లేడని అర్థమైంది.

కంట్రోల్ రూములో ఉన్న వాళ్ళు రియాక్టరును తక్షణం ఆపే స్క్రామ్ బటన్ నొక్కారు, నియంత్రణ కడ్డీలు పడిపోయినట్టు ఆట ప్రకారం ప్రకటన వచ్చింది. ఆ తరువాత ఇది అసాధారణ సంఘటనా, అప్రమత్తతా అని పదకొండు నిమిషాలు వాదించుకున్నారు. ఈలోగా నా గేటుకు అగ్నిమాపక వాహనం వచ్చింది. దాన్ని లోపలికి పంపాలా, ఏ వైపు నుంచి పంపాలా అని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక విద్యార్థిని ల్యాప్‌టాప్ మరిచిపోయానంటూ మళ్ళీ లోపలికి పోబోయింది. ఆపడానికి నా దగ్గర కారణం లేదు. లోపల ఎంతమంది ఉన్నారని ఫైర్ వాళ్ళు అడిగితే నా దగ్గరున్నది సందర్శకుల రిజిస్టరు ఒక్కటే, అందులో లోపలికి వచ్చిన సమయాలే తప్ప వెళ్ళిన సమయాలు లేవు. జనం గుమిగూడే స్థలంగా పటంలో గుర్తించిన చోటు ఆ రోజు గాలి దిశ ప్రకారం సరిగ్గా గాలి గొట్టానికి దిగువన పడింది. బోధకులు చేతులెత్తి ఆట ఆపి, కంట్రోల్ రూము వైపు తిరిగి, "రియాక్టరు ఒకటి రెండు సెకన్లలో ఆగిపోయిందండీ, మీరే ఇంకా ఆగలేదు," అన్నారు.

రెండోసారి ఆడినప్పుడు మొదటి ఫోను గేటుకే వచ్చింది. ఆ ఒక్క మార్పుతో మిగతావన్నీ చక్కబడలేదు గాని, ల్యాప్‌టాప్ అమ్మాయి మాత్రం లోపలికి వెళ్ళలేదు.

అప్పుడే నెల్లూరు నుంచి వచ్చిన ఒక విశ్రాంత అగ్నిమాపక అధికారి లేచి, "మా కుర్రాళ్ళు కొట్టే నీళ్ళు తరువాత ఎక్కడికి పోతాయండీ?" అని అడిగారు. రెండు రోజుల్లో వినబడిన అత్యుత్తమ ప్రశ్న అది. మంటలు ఆర్పిన నీరు గదిలోని రేడియోధార్మిక కాలుష్యాన్ని కడుక్కుంటూ మామూలు కాలువలోకి చేరితే ప్రమాదం గోడ దాటినట్టే కనుక, ఆ నీటిని నిలువ చేసే తొట్టి, కాలువ మూతలు ముందే చూసి పెట్టుకోవాలని, అయితే లోపల మనిషి చిక్కుకుని ఉంటే ఆ లెక్కలన్నీ పక్కన పెట్టాలని బోధకులు సమాధానమిచ్చారు. ప్రాణం కాపాడే పనిలో అత్యవసర సిబ్బందికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 500 మిల్లీసీవర్టుల దాకా అనుమతిస్తుంది. కానీ ఆ మనిషి సంగతి తెలిసి, ఇష్టపడి వెళ్ళాలి. తెలియాలంటే తలుపు దగ్గర మీటరు పట్టుకుని అంకె చెప్పే వాడొకడుండాలి. ఆ వాడు ఎవరని ఆ అధికారి మళ్ళీ అడిగితే మాలో ఎవరి ప్రణాళికలోనూ ఆ పేరు లేదని బయటపడింది.

గాయపడి, పైగా కాలుష్యం అంటిన మనిషిని ఆసుపత్రికి తీసుకువెళ్ళే విషయం గంట సేపు నడిచింది. రక్తం కారుతుంటే ముందు దాన్ని ఆపాలి, శుభ్రపరచడం తరువాత. బట్టలను లోపలి వైపు పైకి వచ్చేలా చుట్టుకుంటూ తీస్తే కాలుష్యంలో చాలా భాగం వాటితోనే పోతుంది. ఒక పాత ల్యాబ్ కోటు మీద సుద్దపొడి చల్లి బోధకులు స్వయంగా చేసి చూపించారు, ఒక్క గీత కూడా ఆయన చొక్కాకు అంటలేదు. దీనికి మరో గంట ఇచ్చినా బాగుండేది.

ఉదాహరణలుగా చెప్పిన రెండు ఘటనల్లో ఒకటి, అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థ రియాక్టరులో 2021 ఫిబ్రవరి 3న ఒక ఇంధన కట్ట గడియ సరిగ్గా పడకపోవడం వల్ల అది అతిగా వేడెక్కి దెబ్బతిన్నది. 20 మెగావాట్ల ఆ రియాక్టరు మళ్ళీ నడవడానికి అనుమతి రావడానికి రెండేళ్ళకు పైగా పట్టింది. రెండోది మన దేశానిది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన విభాగంలో 1985 తరువాత మూలన పడిన గామా కిరణాల పరికరాన్ని 2010లో వేలం వేస్తే, అందులోని రేడియోధార్మిక కోబాల్ట్-60 మాయాపురి పాత ఇనుము బజారుకు చేరి, ఒక కార్మికుడి ప్రాణం తీసింది, మరికొందరిని ఆసుపత్రి పాలు చేసింది. మొదటి ఘటనకు నలభై నిమిషాలు, రెండో దానికి పది నిమిషాలు కేటాయించారు. నా లెక్కలో అది తలకిందులు. రియాక్టరు లేని ప్రాంగణంలోనూ అలాంటి పెట్టె ఒకటి ఉండవచ్చు, దాని జాబితాలో ఎవరో ఒకరు సంతకం చేయడం మరిచిపోయి ఉండవచ్చు.

హాలు చల్లగా ఉంది, భోజనంలో సాంబారు బాగుంది, పార్కింగ్ లేదు.

కోర్సు ముగిశాక దస్త్రంలోని పొరపాట్లను ఒక కాగితం మీద రాసి నిర్వాహకులకు ఇచ్చాను; వారం తిరక్కుండానే రెండు దేశాల స్థాయిల పట్టికలనూ విడదీసిన కొత్త పేజీలు మెయిల్లో పంపారు, ఫోన్ల పట్టికను గురించి మాత్రం మాట్లాడలేదు. భౌతిక శాస్త్రం తెలిసిన వాళ్ళు మొదటి రోజు మధ్యాహ్నాన్ని వదులుకున్నా నష్టం లేదు; ఏ సంస్థయినా ఒక్కరినే పంపగలిగితే, ఆచార్యుణ్ణి కాక భద్రతా విభాగం పెద్దను పంపమని నా సలహా, రుసుము ఎక్కువే అయినా. తరువాతి బ్యాచ్‌కు మా కళాశాల గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే ఆయన పేరు పంపాను, సంస్థ వాళ్ళు అర్హత ఏమిటని అడిగారు. మొన్న శనివారం నాకు దక్కిన ఆ చీటీని స్కాన్ చేసి జవాబుగా పంపాను.