నెల్లూరు ఆటోనగర్‌లో మా 207: కాగితంలో ఒక ఇంజిను, బండిలో మరొకటి

పాత టాటా 207 (సరుకులు మోసే చిన్న ట్రక్కు) కొనే ఆలోచన ఉన్నవారు ఆర్‌సీని నమ్ముకోకుండా ముందు బానెట్ ఎత్తి చూడాలి. మా బావ ఆర్‌సీని, అమ్మినవాడి మాటను నమ్మి బండి కొన్నాడు. దాని ఫలితం మొన్నటి మామిడి సీజనులో నెల్లూరులో మా ఇద్దరికీ అనుభవంలోకి వచ్చింది.

ఉలవపాడు నుంచి బంగినపల్లి కాయల లోడుతో బయలుదేరి కావలి దాటేవరకు ఏ ఇబ్బందీ లేదు. కొడవలూరు దాటాక హీటు ముల్లు ఎర్రగీత ఎక్కింది, సైలెన్సరు నుంచి తెల్లటి పొగ వచ్చింది. కాయలను వేరే బండిలోకి మార్చి మార్కెట్టుకు పంపడానికి 1,800, బండిని లాగించడానికి 3,200 రూపాయలు అయ్యాయి. దారిలో కోవూరు ఉన్నా, లాగిన డ్రైవరు ఆటోనగర్‌లోని ఫలానా షెడ్డుకే తీసుకువెళ్తానని పట్టుబట్టాడు. ఎందుకు పట్టుబట్టాడో షెడ్డు యజమాని అతనికి చాయ్ తెప్పించి, పక్కకు తీసుకువెళ్లి మాట్లాడినప్పుడే అర్థమైంది.

ఆ యజమాని ఇంజినును చూడకుండానే ఆర్‌సీ అడిగాడు. అందులో 2956 సీసీ అని ఉండటంతో, హెడ్డు (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) విప్పకముందే 207 డీఐ (డీజిల్‌ను నేరుగా సిలిండరులోకి చిమ్మే రకం) హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్డు కింద పరిచే రేకు, 1,350 రూపాయలకు తెప్పించాడు. ఇది బండితో వచ్చిన ఇంజినేనా అని నేను అడిగితే, డీజిల్ పంపు మీద ఉన్న మైకో (పంపు తయారుచేసిన కంపెనీ) ప్లేటు చూపించి, ఇది కంపెనీ ఇంజినే అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలన్నాడు. పంపు ప్లేటు పంపు సంగతే చెబుతుంది. ఒక ఇంజిను మీది పంపును మరో ఇంజినుకు బిగించడం ఆటోనగర్‌లో రోజూ జరిగే పనే. హెడ్డు దించి పరిచి చూస్తే ఆ గ్యాస్కెట్ రంధ్రాలు సిలిండర్లకన్నా బాగా పెద్దవి, బోల్టు రంధ్రాలు ఒక్కటీ కలవలేదు. అయినా అతను తొణకలేదు. ఇంజినే పాడైపోయిందని, 65,000 ఇస్తే వేరే ఇంజిను ఎక్కిస్తానని, సీలు తీసిన గ్యాస్కెట్‌ను మాత్రం వెనక్కి తీసుకోనని చెప్పాడు. చూసినందుకు మరో 800 తీసుకున్నాడు.

ఆ రాత్రి మద్రాసు బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాము. ఫోనులో 1,200 అన్న గది కౌంటరు దగ్గరకు వెళ్లేసరికి 1,600 అయింది; పైగా ఏసీ రిమోటు ఇవ్వాలంటే 500 డిపాజిట్ కట్టమన్నారు. తెల్లారి రిమోటు వెనుక మూత విరిగిందని అందులో 200 కోసుకున్నారు. మాకు ఇచ్చినప్పుడే ఆ మూతకు ప్లాస్టరు అంటించి ఉంది. బావ రాత్రంతా నిద్రపోలేదు, నాతోనూ మాట్లాడలేదు. 65,000 ఎక్కడ పుట్టించాలా అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాడు. ఆ బస్టాండు దగ్గర గది తీసుకునేవారు డబ్బు చేతిలో పెట్టకముందే రసీదు రాయించుకోవడం మంచిది.

మర్నాడు కోవూరులో షెడ్డు నడిపే ఒక పెద్దాయనను, తెలిసినవారి ద్వారా, పిలిపించాము. ఆయన ఆర్‌సీ అడగలేదు. కిరసనాయిలులో ముంచిన గుడ్డతో హెడ్డును తుడిచి, వరుసగా ఉన్న నాలుగు హీటర్ ప్లగ్గుల (చల్లగా ఉన్న ఇంజిను స్టార్టు కావడానికి వేడి పుట్టించేవి) మీద వేలు పెట్టాడు. "ఇది సుమో ఇంజిను అబ్బయా, నీ బండిది కాదు. డీఐ బండికి ఇయ్యెందుకు?" అన్నాడు. తరువాత వెర్నియర్‌తో బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, కొలిచాడు. 83 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి ఎక్కువ వచ్చింది. క్రాంకు తిప్పించి పిస్టను పైనుంచి కిందికి ఎంత దిగుతుందో (దీన్నే స్ట్రోకు అంటారు) కొలిస్తే 90 వచ్చింది.

టాటా వారి పాత ఇంజిన్ల పేర్లలోనే గుట్టు ఉంటుందని ఆయన చెప్పాడు. 483 అంటే నాలుగు సిలిండర్లు, 83 బోరు. 497 అంటే నాలుగు సిలిండర్లు, 97 బోరు. 83 బోరుకు 90 స్ట్రోకు లెక్క కడితే 1948 సీసీ వస్తుంది, అది పాత సుమోలో వచ్చిన ఇంజిను. 97కు 100 అయితే 2956, అంటే మా ఆర్‌సీలో ఉన్నది. లోడు వేస్తే బండి ఎత్తు ఎక్కడానికి ఆయాసపడటం ఎందుకో బావకు అప్పుడు తెలిసింది. బ్లాకు మీద నంబరు చోట గ్రీజు గీకితే గ్రైండరు పెట్టిన గీతలు, వాటి మీద ఎగుడుదిగుడుగా మళ్లీ గుద్దిన అంకెలు కనిపించాయి. అచ్చులో పోసినప్పుడు వచ్చే ఉబ్బెత్తు అంకెలను అంత సులువుగా మార్చలేరని, చూడవలసింది వాటినేనని ఆయన సలహా.

బండిని కోవూరుకు లాగించడానికి 1,800, సరైన గ్యాస్కెట్ 520, లేత్ షాపులో హెడ్డు ఫేసింగు (అడుగును చదునుగా చెక్కడం) 1,200, కూలి 3,000 అయ్యాయి. పని జరుగుతుండగా షెడ్డు ఎదురింట్లో 90 రూపాయలకు పెట్టిన భోజనంలో కొర్రమీను పులుసు వచ్చింది; బావ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

అయితే బండి నడిచినంత మాత్రాన వ్యవహారం తీరలేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం ఇంజిను మారిస్తే 14 రోజుల్లోగా యజమాని నివసించే ప్రాంతపు రిజిస్ట్రేషను అధికారికి తెలియజేసి ఆర్‌సీలో రాయించుకోవాలి. అమ్మినవాడు ఆ పని చేయకపోగా నంబరే దిద్దించాడు. ఏటా ఫిట్‌నెస్ తనిఖీకి వెళ్లవలసిన బండి కాబట్టి ఇది ఏదో ఒక రోజు బయటపడక మానదు. ప్రమాదం జరిగితే బీమావారు మొదట వెతికేదీ ఇదే. బావ ఫోటోలు, కొలతలు చూపించి 40,000 వెనక్కి ఇమ్మని అడిగాడు. అమ్మినవాడు ప్రస్తుతం 10,000 దగ్గర ఆగాడు. మొత్తం తేలేవరకు లోడు సగమే వేస్తున్నాము.