రైమింగ్ బొమ్మ కార్డులు: కొనొచ్చు, కానీ ముందు హ్యాట్ సంగతి చూసుకోండి

విశాఖ ద్వారకానగర్ పుస్తకాల షాపులో దొరికిన ఈ డబ్బాలో ఇంగ్లిష్ మాటల బొమ్మలతో 32 కార్డులు, అంటే క్యాట్, హ్యాట్ లాగా చివరి శబ్దం (ప్రాస) కలిసే 16 జంటలు. నాలుగైదేళ్ల పిల్లలకు సరిపోతాయి. బొమ్మలు స్పష్టంగానే ఉన్నాయి గానీ, హ్యాట్ చూసి మన పిల్లలు క్యాప్ అంటారు. జత అక్కడే తప్పుతుంది. పేర్లన్నీ పలికించాకే ఆట మొదలుపెట్టండి.

కార్డులన్నీ ఒకేసారి పరచొద్దు. క్యాట్, హ్యాట్, సన్ మూడే పెట్టి, కలవనిది తీయమనండి. అసలు చిక్కు మన పలుకుబడిలో ఉంది. క్యాటు, కప్పు, పెన్ను అని చివర ఉకారం తగిలిస్తే పిల్లల చెవికి అన్నీ ఒకేలా ముగుస్తాయి. చివరి హల్లు దగ్గరే ఆపాలి. క్యాట్‌కి క్యాప్ జత అన్నారంటే మొదటి శబ్దం పట్టుకున్నారన్నమాట. క్... యాట్, హ్... యాట్ అని విడగొట్టి వినిపించండి.

కార్డు వెనక స్పెల్లింగ్ అచ్చువేయడం మాత్రం అనవసరం. బ్లూ, షూ ప్రాస కలిసినా అక్షరాలు వేరు. కమ్, హోమ్ చివర ఒకే అక్షరాలు (ome), ప్రాస మాత్రం లేదు. చదవడం రాని వయసులో చెవి చాలు.

అట్ట పల్చన. విశాఖ తేమకి వంగిపోతుంది, లామినేషన్ చేయించుకోవాల్సిందే.