కర్రపెండలానికి మూడు పేర్లు: మా బ్రెజిల్ యాత్ర

సావో పాలోలో తిండికి ఇబ్బంది పడలేదు. కిలో లెక్కన పెట్టే హోటళ్లు వీధికొకటి ఉన్నాయి. కావలసింది ప్లేటులో పెట్టుకుని తూకం వేయించుకోవడమే. బీన్స్‌లో మాంసం వేస్తుంటారు, శాకాహారులు ముందే అడగాలి. వేయించిన కర్రపెండలం ముక్కలు మాత్రం ధైర్యంగా తినొచ్చు. అక్కడ దాన్ని ‘మంజియోకా’ అంటారు. లూజ్ రైల్వే స్టేషన్‌లోని పోర్చుగీసు భాషా మ్యూజియానికి సగం రోజు కేటాయించండి. 2015లో కాలిపోతే 2021లో మళ్లీ తెరిచారు.

రియోకి బస్సులో వెళ్లాం. గదిలో ఏసీ రాత్రంతా మోత. రెండుసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. సావో పాలోలో ‘దోయ్స్’ అని నేర్చుకున్న ‘రెండు’ అనే మాట ఇక్కడ ‘దోయ్ష్’ అయింది, మంజియోకా ‘ఐపిం’ అయింది.

మొత్తం యాత్రలో నాకు బాగా నచ్చిన బస ఈశాన్యాన ఉన్న రెసీఫీ నగరంలోని చిన్న పౌజాడా, అంటే ఇంటి తరహా బస. గదులు మామూలివే, వేడినీళ్లు ఒక్కోసారి రావు. కానీ పొద్దున్నే ఉడికించిన కర్రపెండలం, పైన వెన్న! నేను ఐపిం అనగానే నడిపే ఆవిడ ఒక ముక్కను ఫోర్కుతో పైకెత్తి, ‘మకషేయిర’ అంది. నా చేత రెండుసార్లు అనిపించి, ఇంకో ప్లేటు తెచ్చింది.

తర్వాత కూర్చుని మాట్లాడింది. వాళ్లన్న పనికోసం సావో పాలో వెళితే, యాస విని అందరూ ‘బయానో’ అనేవారట. అంటే బయియా రాష్ట్రం వాడని. వీళ్లది పెర్నంబూకు రాష్ట్రం. ఈశాన్యం నుంచి ఎవరొచ్చినా చిన్నచూపుతో అదే పేరు. నాకు మనసు చివుక్కుమంది. మన సినిమాల్లో తెలంగాణ యాసను నవ్వించడానికీ రౌడీలకూ మాత్రమే వాడిన రోజులు నాకు బాగా గుర్తు.

చివరి మజిలీ దక్షిణాన బెంతో గొన్‌సాల్విస్. ద్రాక్షతోటల మధ్య బస ఖరీదెక్కువ, సర్వీసు మాత్రం చక్కగా ఉంది. ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ల భాష తలియాన్ అక్కడి పెద్దవాళ్లు ఇంకా మాట్లాడతారు. 1930ల చివర్లో, అధ్యక్షుడు వార్గాస్ కాలంలో అలాంటి భాషలను బడుల్లో నిషేధించారు. 2014లో మళ్లీ బ్రెజిల్ ప్రభుత్వమే తలియాన్‌ను దేశ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. మా బసలో ఒక పెద్దావిడ కమలాపండు ఒలిచి ఇస్తూ ‘బెర్గమోతా’ అంది. ఈసారి నేను వేరే పేరు చెప్పలేదు. ఆమె అన్నట్టే అని తీసుకున్నాను.