జాతర స్టేజీకి ఏ గిటార్ నప్పుతుంది?

ఎలక్ట్రిక్ గిటార్‌కు సౌండే ప్రాణమని వాయించేవాళ్లంటారు, నిజమే. కానీ తిరుపతిలో గంగ జాతర ఆర్కెస్ట్రాకైనా, కాలేజీ ఫెస్ట్‌కైనా వచ్చిన జనం ముందు చూసేది దాని ఆకారాన్నే. వెనక నిల్చున్నవాళ్లకు కంపెనీ పేరు కనబడదు, కొమ్ములు ఎటు తిరిగాయో కనబడుతుంది.

ఆ లెక్కన గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ మోడల్‌ది దొర వేషం. 1952లో బంగారు రంగుతోనే బయటికొచ్చింది, ఇంక మనవాళ్లకు నచ్చకుండా ఉంటుందా! లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ గిటారిస్టు జిమ్మీ పేజ్‌లా బెల్టు కిందికి వదిలి తగిలించుకుంటే ఆ దర్జాయే వేరు. కాకపోతే చాలావాటి బరువు నాలుగు కిలోల పైమాటే. అర్ధరాత్రి దాటేదాకా సాగే ప్రోగ్రాంలో ఆ దర్జా అంతా భుజం మీదే పడుతుంది.

గెంతుతూ వాయించే కుర్రాళ్లకు 1961లో వచ్చిన గిబ్సన్ ఎస్‌జీ మేలు. పల్చటి ఒళ్లు, రెండు వాడి కొమ్ములు. స్కూలు యూనిఫాంలో స్టేజంతా పరిగెత్తే ఏసీ/డీసీ బ్యాండ్ గిటారిస్టు యాంగస్ యంగ్ చేతిలో ఉండేది అదే. ఎడమ చెయ్యి వదిలితే మెడ కిందికి వాలిపోతుంది కాబట్టి వెడల్పాటి తోలు బెల్టు వేసుకోవాలి.

ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ 1954 నాటిది. ఎడమచేతి వాటం రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కుడిచేతివాళ్ల గిటార్‌నే తిరగేసి వాయించి దానికి పిచ్చి క్రేజ్ తెచ్చాడు. ఇప్పుడు గిటార్ బొమ్మ గీయమంటే పిల్లలు కూడా ఇదే గీస్తారు, అందుకే చూడగానే ఒళ్లు జలదరించదు. అయినా ఆర్కెస్ట్రాకు నా ఓటు దీనికే. మెలోడీకైనా తీన్‌మార్‌కైనా ఒదుగుతుంది, గాయకుడి పక్కన అతి చెయ్యదు. ఒక్క చిక్కుంది: తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే దీని సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) పికప్‌లు కరెంటు గుయ్‌మనే శబ్దాన్ని లాగేస్తాయి. జనరేటరు, లైట్ల డిమ్మర్లు దగ్గరుంటే పాటకూ పాటకూ మధ్య ఆ గోలే వినిపిస్తుంది. బ్రిడ్జి (ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర హంబకర్ అనే పికప్ ఉన్న రకం తీసుకుని, గోల ఎక్కువైతే దాని మీదికి మారితే సరి. అందులో రెండు కాయిల్స్ ఒకదాని గోలను ఇంకొకటి కొట్టేస్తాయి.

ఫెండర్ వాళ్లదే టెలికాస్టర్ చెక్కపలకలా నిరాడంబరంగా ఉంటుంది. నాకు ఇష్టమే కానీ, జాతర లైట్ల కింద కంటికి ఆనదు.

ఇంగ్లిష్ V అక్షరంలా ఉండే 1958 నాటి గిబ్సన్ ఫ్లయింగ్ వి ఎత్తితే ఈలలు ఖాయం. మన ఆర్కెస్ట్రాల్లో కుర్చీలో కూర్చుని వాయించేవాళ్లే ఎక్కువ, దీన్ని మామూలుగా ఒళ్లో పెట్టుకుంటే జారిపోతుంది. ఫెస్ట్‌లో రెండు పాటలకైతే స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకోండి, కొనకండి.