మిషిగన్ మ్యాచ్ టికెట్లంటూ 560 డాలర్లు నొక్కేశాడు. ఆ "తమ్ముడి" దగ్గర ఎవరూ కొనకండి

రాత్రంతా నిద్ర లేదు, కోపం ఇంకా తగ్గలేదు. అక్కడక్కడా తప్పులుంటే సర్దుకుని చదవండి. మన కొలంబస్ వాట్సాప్ గ్రూపుల్లో రూమ్ షేరింగులు, పాత కార్లు, పచ్చళ్ళ మధ్యలో "గేమ్ టికెట్స్ ఉన్నాయి, ఇన్‌బాక్స్ ప్లీజ్" అని పెడుతుంటాడే, ఎర్ర హుడీ వేసుకుని స్టేడియం ముందు నించున్న డీపీ, వాడే. పేరు రాయను. అది అసలు పేరేనన్న నమ్మకం కూడా ఇప్పుడు లేదు. గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

నేపథ్యం రెండు ముక్కల్లో చెప్తాను. మా బావమరిది మిషిగన్ యూనివర్సిటీలో చదివి, అక్కడే కాంటన్‌లో స్థిరపడ్డాడు. నేను పదకొండేళ్ళుగా ఒహాయో. మన ఒహాయో స్టేట్ యూనివర్సిటీకీ వాళ్ళ మిషిగన్‌కీ మధ్య జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో 2021, 2022, 2023, మూడేళ్ళు వరసగా వాళ్ళే గెలిచారు, మూడుసార్లూ వాడు స్కోరు స్టేటస్‌లో పెట్టి నన్ను ఏడిపించాడు. ఈసారి, అంటే 2024లో, మనవాళ్ళది దేశంలో రెండో ర్యాంకు, పది గెలిచి ఒక్కటే ఓడారు. వాళ్ళు ఆరు గెలిచి ఐదు ఓడారు. పందేలవాళ్ళు మనకి దాదాపు ఇరవై పాయింట్ల మొగ్గు చూపించారు. ఇంకేం, నాకు కొమ్ములొచ్చాయి. "రారా, పక్కన కూర్చోబెట్టుకుని నీ మొహం చూడాలి" అన్నాను. ఆ ఒక్క మాట ఖరీదు 560 డాలర్లు.

బుధవారం వీడికి మెసేజ్ పెడితే నిమిషంలో ఫోన్ చేశాడు. "అన్నా, మీది చీరాలా? మాది వేటపాలెమే అన్నా! సారస్వత నికేతనం లైబ్రరీ దగ్గరే మా ఇల్లు" అన్నాడు. అంతే, నేను కరిగి నీరైపోయాను. టికెట్ల సంగతి వదిలేసి వేటపాలెం జీడిపప్పు గురించి పావుగంట మాట్లాడాను. మెసేజ్‌లు కూడా పక్కా ఫ్యాన్ లాగే. మిషిగన్‌తో ఆట ఉన్న వారం కదా, మన క్యాంపస్‌లో బోర్డుల మీద ఎం అక్షరాలన్నిటికీ ఎర్ర టేపుతో ఎక్స్ కొడతారే, వీడు కూడా ప్రతి మెసేజ్‌లో ఎం బదులు ఎక్స్ టైప్ చేశాడు. ఎంత భక్తో అనుకున్నాను. నెల కిందట గ్రూపులో "చీరాల వైపు వాళ్ళు ఎవరన్నా ఉన్నారా" అని అడిగింది నేనేనన్న సంగతి నిన్న సాయంత్రం గుర్తొచ్చింది. వాడు నా ఊరు నా దగ్గరే కొట్టేసి నాకే అమ్మాడు.

ఒక్కోటి 280, రెండు టికెట్లు. సైట్లలో ఫీజులన్నీ కలిపితే ఇంకా చాలా ఎక్కువ చూపిస్తోంది. గురువారం థాంక్స్‌గివింగ్ భోజనం చేస్తూ జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి నేరుగా డబ్బు పంపే సర్వీసు) డబ్బు పంపాను. వెంటనే బార్‌కోడ్ స్క్రీన్‌షాట్లు వచ్చాయి. టికెట్లు నా యాప్‌లోకి ట్రాన్స్‌ఫర్ చేసే సంగతి అడిగితే "అది శనివారం పొద్దున ఓపెన్ అవుతుందన్నా, అప్పటిదాకా ఇవి ఉంచుకోండి" అన్నాడు. సరే తమ్ముడూ అన్నాను. ప్రతి ఆదివారం అమ్మకి ఫోన్ చేసి ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని క్లాసు పీకేది నేనే, గమనించగలరు.

శనివారం మధ్యాహ్నం 12కి ఆట. మా బావమరిది మిషిగన్ వాళ్ళ పసుపూ నీలం టోపీ పెట్టుకుని టొలీడో మీదుగా మూడు గంటలు నడుపుకుంటూ వచ్చాడు. (1835లో ఒహాయో, మిషిగన్ కత్తులు నూరింది ఆ టొలీడో కోసమే. ఈ పగ ఫుట్‌బాల్‌ కన్నా పాతది.) బ్యాండ్ వాళ్ళు మైదానంలో నడుస్తూ ఒహాయో అని అక్షరాలు రాస్తారు కదా, అది చూపిద్దామని గంట ముందే తీసుకెళ్ళాను. వేళ్ళు కొంకర్లు పోయే చలి. గేటు దగ్గర ఎర్రకోటు పెద్దావిడ నా ఫోన్ కింద స్కానర్ పెట్టింది. కీచుమంది. తుడిచి మళ్ళీ పెట్టింది, మళ్ళీ కీచుమంది. ఫోన్ వెలుతురు పెంచమంది, పెంచాను. అప్పుడు బార్‌కోడ్ మీద వేలు పెట్టి, అసలు టికెట్టయితే ఇక్కడ ఒక గీత కదులుతూ ఉంటుంది, ఇది ఉత్త ఫొటో అని మెల్లగా చెప్పింది. వెనక లైన్లో వాళ్ళు అప్పటికే మమ్మల్ని తప్పించుకుని ముందుకు వెళ్తున్నారు.

పక్కకొచ్చి ఫోన్ చేశాను. ఎత్తడనుకున్నాను. మూడో రింగుకే ఎత్తాడు. అదే నన్ను ఎక్కువ మండించింది. "తమ్ముడూ, ట్రాన్స్‌ఫర్ రాలేదు, గేటు దగ్గరే ఉన్నాం" అన్నాను, ఇంకా మర్యాదగానే. నవ్వాడు. "టికెట్ చూపిస్తానన్నాను, చూపించాను. లోపలికి పంపిస్తానన్నానా అన్నా?" నాకు నోట మాట రాలేదు. అప్పుడు వాడే అందుకున్నాడు: "సాఫ్ట్‌వేర్‌లో ఉండి స్క్రీన్‌షాట్‌కి డబ్బులు కొట్టావు చూడు, మీ కంపెనీని తలుచుకుంటే జాలేస్తోంది. ఇంటికెళ్ళి టీవీలో చూసుకో అన్నా." మూడు రోజులు మీరు, మీరు అన్నవాడు ఒక్క నిమిషంలో నువ్వులోకి దిగాడు. అన్నా మాత్రం వదల్లేదు. ఫోన్ పెట్టేశాడు, మళ్ళీ చేస్తే బ్లాక్. లోపల బ్యాండ్ మొదలైంది. లక్షమంది ఒక్కసారి అరిస్తే బయట నేల కూడా అదురుతుందని నిన్ననే తెలిసింది, నా 560కి దక్కింది అదే.

కొలంబస్ పక్కన డబ్లిన్‌లో ఇంటికి చేరి టీవీ పెట్టేసరికి సగం అయిపోయింది, 10-10. తర్వాత మీరంతా చూసే ఉంటారు. ఆట మొత్తం మీద మనవాళ్ళు రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని తన్ని తెచ్చుకునే మూడేసి పాయింట్లు) పోగొట్టారు, వాళ్ళు ఇంకో 45 సెకన్లుందనగా ఒకటి కొట్టారు. 13-10. నాలుగో ఏడు కూడా పోయింది. బావమరిది ఒక్క మాట అనలేదు. టోపీ తీసి సోఫా పక్కన పెట్టి "బావా, టీ పెట్టనా?" అన్నాడు. వాడు ఏడిపించినా బాగుండేది. ఆ తర్వాత వాళ్ళు మన మైదానం మధ్యలో జెండా పాతడం, తన్నుకోవడం, పోలీసుల పెప్పర్ స్ప్రే. మా ఆవిడ "పోనీలెండి, లోపలుంటే మీ కళ్ళు కూడా మండేవి" అంది. మండట్లేదా ఇప్పుడు?

బ్యాంకుకి ఫోన్ చేస్తే మీ అంతట మీరే పంపారు కదా, వెనక్కి రాదు అన్నారు. పోలీసులకి ఆన్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టాను, నంబర్ ఇచ్చారు.

ఇక కొనేవాళ్ళకి: టికెట్ మీ యాప్‌లోకి ట్రాన్స్‌ఫర్ అయ్యి మీ అకౌంట్‌లో కనిపించాకే డబ్బు పంపండి. స్క్రీన్‌షాట్ టికెట్ కాదు. తెలియనివాళ్ళకి జెల్ వద్దు. ఇంతకన్నా నాకు తెలిస్తే ఈ పోస్టు రాసేవాణ్ణే కాదు.

ఇది రాస్తుండగానే ఒకరు స్క్రీన్‌షాట్ పంపారు. ఇంకో గ్రూపులో డీపీ మార్చి బాస్కెట్‌బాల్ టికెట్లు పెట్టాడట. మీదే ఊరు తమ్ముడూ అని అడిగితే ఈసారి కరీంనగర్ అన్నాడట.