రిస్ట్ స్ట్రాప్, ఈఎస్‌డీ మ్యాట్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

లాప్‌టాప్, ఫోన్ బోర్డులు బాగుచేయడం నా పని. బల్ల మీద టూల్స్ ఎన్నో మారాయి కానీ రెండు మాత్రం అలాగే ఉండిపోయాయి: చేతికి రిస్ట్ స్ట్రాప్, బోర్డు కింద ఈఎస్‌డీ మ్యాట్. ఈఎస్‌డీ అంటే ఒంట్లోనో వస్తువుల మీదో పేరుకున్న స్టాటిక్ (స్థిర విద్యుత్తు) ఒక్కసారిగా బయటికి దూకడం. ఆ ఛార్జ్‌ను మెల్లగా ఎర్త్‌లోకి దింపేయడమే ఈ రెండిటి పని. నా తీర్పు ముందే చెప్పేస్తాను. తీగ ఉన్న స్ట్రాప్‌కి పూర్తి మార్కులు. మ్యాట్‌కి కూడా మంచి మార్కులే, కాకపోతే ఎర్త్ సరిగ్గా ఉంటేనే. తీగ లేని స్ట్రాప్‌కి సున్నా.

"నాకెప్పుడూ షాక్ కొట్టలేదు, బోర్డులకూ ఏమీ కాలేదు, ఇవన్నీ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. వేలి చివర చురుక్కుమని మనకు తెలియాలంటే సుమారు 3,000 వోల్టుల స్టాటిక్ ఉండాలి. బోర్డు మీది కొన్ని ఐసీలు (చిప్‌లు), మాస్‌ఫెట్లు (కరెంటును స్విచ్‌లా ఆపి వదిలే ట్రాన్సిస్టర్లు) 100 వోల్టుల లోపే దెబ్బతింటాయి. అంటే మనకు ఏమీ తెలియకుండానే భాగం పోవచ్చు. అక్కడికక్కడే పోతే కనీసం కారణం వెతుకుతాం. సగం దెబ్బతిని, టెస్ట్‌లో పాసై, కొన్నాళ్ల తర్వాత చచ్చిపోయే భాగంతోనే అసలు టెన్షన్. అప్పుడు అది స్టాటిక్ వల్లే పోయిందని ఎవరూ నిరూపించలేరు, బోర్డు మాత్రం తిరిగి మన దగ్గరికే వస్తుంది.

స్ట్రాప్‌లో పెద్ద విద్య ఏమీ లేదు. బట్ట పట్టీ, దాని లోపలివైపు చర్మానికి తగిలే లోహపు దారాలు, స్నాప్ బటన్, చుట్టలు తిరిగిన తీగ, అందులో 1 మెగాఓమ్ (పది లక్షల ఓమ్‌ల) రెసిస్టర్. ఆ రెసిస్టర్ ఎందుకని కొందరు తీసేసి, మామూలు తీగతో నేరుగా ఎర్త్ చేసుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. పొరపాటున మరో చేయి 230 వోల్టుల లైన్‌కి తగిలితే, ఒంట్లోంచి ఆ తీగ ద్వారా పోయే కరెంటును 0.23 మిల్లీయాంపులకు ఆపేది ఆ రెసిస్టరే. దానివల్ల స్టాటిక్ పోవడం ఆలస్యమవుతుందేమోనన్న భయం అక్కర్లేదు, మిల్లీసెకను లోపే ఒంట్లో ఛార్జ్ దాదాపు అంతా దిగిపోతుంది.

పాడయ్యేది ఎప్పుడూ తీగే, అదీ ఒకే చోట: స్నాప్ బటన్ దగ్గర, తీగ వంగే మెడలో. పైన తొడుగు కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది, లోపల రాగి పోగులు మాత్రం తెగిపోయి ఉంటాయి. అందుకే పొద్దున్న పని మొదలుపెట్టేముందు మల్టీమీటర్ తీస్తాను. స్ట్రాప్ పెట్టుకుని, తీగ రెండో కొసను ఎర్త్ నుంచి ఊడదీసి దానికి ఒక ప్రోబ్ తగిలించి, రెండోదాని మొనను వేళ్లతో గట్టిగా పట్టుకుంటాను. 1 మెగాఓమ్ నుంచి కొన్ని మెగాఓమ్‌ల దాకా కనిపిస్తే సరే. 35 మెగాఓమ్‌లు దాటితే ఆ స్ట్రాప్‌ను నమ్మకూడదు. రీడింగ్ చూస్తూనే తీగ మెడను అటూ ఇటూ వంచి చూడండి. అంకె ఒక్కసారిగా ఎగిరి మళ్లీ కిందికి వచ్చిందంటే లోపల పోగులు తెగుతున్నట్టే. అర నిమిషం పని. ఈ అలవాటు లేనివాళ్లకు స్ట్రాప్ ఇచ్చేది ధైర్యమే కానీ రక్షణ కాదు.

చర్మం బాగా పొడిబారే రోజుల్లో మంచి స్ట్రాప్‌తో కూడా రీడింగ్ ఎక్కువే చూపిస్తుంది. మణికట్టును కాస్త తడి చేసుకుని పట్టీ బిగిస్తే దారికొస్తుంది. చొక్కా చేతి మీద నుంచి కట్టుకుంటే ఏమాత్రం ఉపయోగం లేదు.

ఇక మ్యాట్. మొదట వినైల్‌ది వాడాను, వేడి సోల్డరింగ్ ఐరన్ తగిలిన ప్రతిచోటా గుంట పడింది. రెండు పొరల రబ్బరు మ్యాట్‌కి మారాక ఆ బాధ పోయింది. కొత్తలో కొన్ని రోజులు వాసన వస్తుంది, అంతే. పై పొర కరెంటును పూర్తిగా ఆపదు, సులువుగా పోనివ్వదు కూడా. దాని నిరోధం పది లక్షల నుంచి వంద కోట్ల ఓమ్‌ల మధ్య ఉంటుంది. ఛార్జ్ ఉన్న బోర్డును లోహపు రేకు మీద పెడితే అదంతా ఒక్క దెబ్బకు బయటికి దూకుతుంది, ఆ దూకుడే ఐసీని చంపుతుంది. మ్యాట్ మీద అది మెల్లగా దిగుతుంది. వేడికి తట్టుకుంటాయని అమ్మే సిలికాన్ మ్యాట్లు చాలావరకు ఈఎస్‌డీ మ్యాట్లు కావు. స్క్రూలు పెట్టుకోవడానికి గళ్లు బాగుంటాయి కానీ, స్నాప్ లేని మ్యాట్‌ను ఎర్త్ చేయలేం. తుడవడానికి సిలికాన్ కలిసిన పాలిష్‌లు వాడితే పైన పొర పేరుకుని మ్యాట్ పనికిరాకుండా పోతుంది.

ఎర్త్ అన్నాను కదా, వీటన్నిటికీ ప్రాణం అదే. సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ ఉందని కాదు. స్ట్రాప్, మ్యాట్ కొనేముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చెక్ చేయించండి. స్ట్రాప్, మ్యాట్, సోల్డరింగ్ ఐరన్ అన్నీ ఒకే ఎర్త్‌కి కలవాలి. రెండు పిన్నుల ఐరన్‌కి ఎర్త్ ఉండదు, దాన్ని నేను బోర్డు దగ్గరికి రానివ్వను.

తీగ లేని స్ట్రాప్ గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. ఛార్జ్ ఎక్కడికో పోవాలి, దానికి దారి లేదు. కొనకండి.

బోర్డులు, చిప్‌లు పెట్టే కవర్ల విషయంలో అయోమయం ఎక్కువ. గులాబీ రంగు కవర్ తనంతట తాను స్టాటిక్ పుట్టించదు, బయటి నుంచి వచ్చే దెబ్బను మాత్రం ఆపలేదు. వెండి రంగు కవర్‌లో సన్నని లోహపు పొర ఉంటుంది కాబట్టి అది ఆపుతుంది, మూతి మడిచి మూస్తేనే. నలిగి గీతలు పడ్డవాటిని నేను స్క్రూలు దాచుకోవడానికి పంపేస్తాను.

ఇంత పెట్టుకున్నా స్ట్రాప్‌కి లొంగనివి ఉన్నాయి: థర్మకోల్, సెలోటేప్, మామూలు ప్లాస్టిక్ కవర్లు. వాటి మీది ఛార్జ్ ఎర్త్ తీగతో పోదు. అందుకే వాటిని బోర్డుకు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచుతాను, బోర్డు మీది టేపును చాలా నెమ్మదిగా లాగుతాను. వీటికి సరైన మందు అయొనైజర్ ఫ్యాన్, అంటే ఛార్జ్ ఉన్న గాలిని ఊది వాటి మీది స్టాటిక్‌ను రద్దు చేసేది. నేను ఇంకా కొనలేదు, తర్వాత కొనబోయేది అదే.

ఒక హెచ్చరిక. పవర్ సప్లై మెయిన్స్ వైపు కరెంటు ఉండగా పని చేయాల్సి వస్తే స్ట్రాప్ ముందు తీసేయండి. అక్కడ ఒళ్లు ఎర్త్‌కి కలిసి ఉండటమే ప్రమాదం.

ఎప్పుడో ఒకసారి ర్యామ్ మార్చుకునేవాళ్లకు మ్యాట్ అక్కర్లేదు, ఎర్త్‌కి కలిపిన మంచి స్ట్రాప్ ఒక్కటి చాలు. రోజూ బోర్డులు విప్పేవాళ్లు రెండూ కొనండి, దాంతోపాటు ఒక స్పేర్ తీగ కూడా.